సాబర్మతి ఒడ్డున మూడు రాత్రులు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: నేను హైస్కూలు ఉపాధ్యాయుడిగా పనిచేసి రెండేళ్ల క్రితం పదవీ విరమణ చేశాను. డిసెంబరు రెండో వారంలో నేనూ మా ఆవిడా మూడు రాత్రులు అహ్మదాబాద్‌లో గడపాలనుకుంటున్నాం. ఒకప్పుడు ఇసుక మేటలతో, మురుగుతో ఉండిన సాబర్మతి తీరాన్ని ఇప్పుడు ఎంతో బాగా తీర్చిదిద్దారని విన్నాం. అయితే మా బావమరిది "ఆ గట్టు చూడటానికి ఒక్క సాయంత్రం చాలు, మిగతా రోజుల్లో ద్వారక, సోమనాథ్ చూసి రండి" అంటున్నారు. మా ఆవిడకు మోకాళ్ల నొప్పులు. ఇద్దరం శాకాహారులం. ఎక్కడ దిగాలో, ఏది ముందు ఏది వెనక చూడాలో చెప్పగలరా?
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: మాస్టారు గారూ, మీ బావమరిది గారి మాటలో సగం నిజం ఉంది. కొత్తగా కట్టిన గట్టును మాత్రమే చూడాలనుకుంటే నిజంగానే ఒక సాయంత్రం సరిపోతుంది. కానీ ఆ గట్టు ఎందుకు కట్టవలసి వచ్చింది, దాని కింద ఏ నది ఉండేది అన్నది తెలుసుకుంటూ చూస్తే మూడు రోజులు ఇట్టే గడిచిపోతాయి. ఇక ద్వారక, సోమనాథ్ రెండూ అహ్మదాబాద్‌కు దాదాపు 400 కిలోమీటర్ల దూరంలో ఉన్నాయి. మూడు రాత్రుల్లో వాటిని ఇరికిస్తే మీకు గుర్తుండేది బస్సు కిటికీ ఒక్కటే. వాటికి మరో ప్రయాణం పెట్టుకోండి.

మీకు వరంగల్ నుంచి నవజీవన్ ఎక్స్‌ప్రెస్ నేరుగా ఉంది. ఒక రాత్రీ ఒక పగలూ పట్టే ప్రయాణమే అయినా మధ్యలో ఎక్కడా రైలు మారనక్కరలేదు కాబట్టి, మోకాళ్ల నొప్పులున్నవారికి అదే మేలు. దిగువ బెర్తులు దొరికేలా ముందుగానే టికెట్లు తీసుకోండి. అహ్మదాబాద్ ప్రధాన స్టేషన్‌ను అక్కడివారు కాలుపూర్ స్టేషన్ అంటారు. దాని పునర్నిర్మాణం కారణంగా కొన్ని రైళ్లను నగరంలోని ఇతర స్టేషన్లకు మళ్లించారు కనుక, టికెట్ మీద ఏ స్టేషన్ పేరు ఉందో చూసుకున్నాకే బస ఖాయం చేసుకోండి. విమానంలో వెళ్లేవారు శంషాబాద్ నుంచి రెండు గంటల లోపే అక్కడ ఉంటారు.

బస విషయంలో నాకొక గట్టి అభిప్రాయం ఉంది. పెద్ద హోటళ్లలో చాలావరకు నదికి పడమటి ఒడ్డున, ఆశ్రమ్ రోడ్, నవరంగపురా వైపున ఉన్నాయి. అయినా మీరు తూర్పు ఒడ్డునే, లాల్ దర్వాజా, ఖాన్‌పూర్ ప్రాంతంలో దిగండి. అక్కడి నుంచి పాతనగరం నడిచి వెళ్లేంత దగ్గర. అంతకంటే ముఖ్యంగా, సూర్యుడు అస్తమించేది పడమటి వైపు కాబట్టి తూర్పు ఒడ్డున నిలబడినవారికే నీటి మీద పరచుకునే ఆ వెలుగు కనబడుతుంది. పాతనగరంలో పోళ్ అని పిలిచే ఇరుకు వాడలలోని పాత టేకు ఇళ్లను కొన్నింటిని బాగుచేసి అతిథి గృహాలుగా నడుపుతున్నారు. చూడముచ్చటగా ఉంటాయి. కానీ వాటి మెట్లు మన అటక నిచ్చెనల్లా నిటారుగా ఉండి, పట్టుకోవడానికి పైనుంచి తాడు వేలాడుతూ ఉంటుంది. మీ శ్రీమతి గారి మోకాళ్ల దృష్ట్యా ఆ ముచ్చట వదులుకుని, లిఫ్ట్ ఉందని ఫోన్లో అడిగి నిర్ధారించుకున్న హోటలునే తీసుకోండి.

ఇప్పుడు నది సంగతి. అహ్మదాబాద్ బట్టల మిల్లుల ఊరు. 1861లో రణ్‌ఛోడ్‌లాల్ ఛోటాలాల్ మొదటి మిల్లును నడిపించిన నాటి నుంచి సుమారు వందేళ్లకు పైగా ఆ మిల్లులే ఊరికి అన్నం పెట్టాయి. సోలాపూర్‌కూ భివండీకీ వెళ్లినట్టే మన తెలంగాణ పద్మశాలీ కుటుంబాలు అహ్మదాబాద్‌కూ వలస వెళ్లాయి. సాబర్మతి వానాకాలంలో మాత్రమే నిండుగా పారే నది. మిగతా నెలల్లో ఇసుక తిన్నెల నడుమ ఒక పాయగా మిగిలేది. ఆ తిన్నెల మీద పుచ్చ, దోస పాదులు వేసేవారు, సంతలు పెట్టేవారు, సర్కస్ డేరాలు దించేవారు. అన్నిటికంటే ముఖ్యంగా, ఊరి రంగులద్దకపువారు బట్టలు జాడించి ఆరవేసింది అక్కడే. ఫ్రెంచ్ వాస్తుశిల్పి లె కార్బూజియే ఆశ్రమ్ రోడ్‌లో మిల్లు యజమానుల సంఘం కోసం కట్టి 1954లో పూర్తిచేసిన భవనాన్ని చూడండి. రోడ్డు వైపు ఎండను అడ్డుకునే ఏటవాలు సిమెంటు పలకలతో, వెనక నది వైపు విశాలంగా తెరుచుకుని ఉంటుంది. ఆవులు, గేదెలు, గాడిదలు, కొంగల మధ్య ఇసుకలో బట్టలు ఉతికి ఆరవేసే ఆ దృశ్యం లోపలి నుంచి కనబడాలన్నది ఆయన ఉద్దేశం. భవనం ఇప్పటికీ నది వైపే చూస్తోంది. చూడవలసిన ఆ దృశ్యం మాత్రం లేదు.

1980 దశకం నుంచి మిల్లులు ఒక్కొక్కటిగా మూతపడ్డాయి. ఒడ్డు పొడవునా పేదల గుడిసెలు, నదిలోకి మురుగు కాలువలు మిగిలాయి. తీరాన్ని బాగుచేయాలన్న ఆలోచనను బెర్నార్డ్ కోన్ అనే వాస్తుశిల్పి 1960 దశకంలోనే ముందుకు తెచ్చినా, దానికోసం నగరపాలక సంస్థ ఒక ప్రత్యేక సంస్థను పెట్టింది 1997లో. పనులు మొదలైంది 2005లో, ప్రజలకు నడక దారి తెరిచింది 2012లో. వాస్తుశిల్పి బిమల్ పటేల్ సంస్థ వేసిన నమూనా ప్రకారం రెండు ఒడ్లలోనూ 11 కిలోమీటర్లకు పైగా గోడలు కట్టి, ఒకచోట వెడల్పుగా మరోచోట ఇరుకుగా ఉండే నదిని అంతటా 263 మీటర్ల వెడల్పుకు తెచ్చారు. అలా పూడ్చగా వచ్చిన సుమారు 200 హెక్టార్ల నేల మీదే ఇప్పుడు మీరు చూడబోయే తోటలు, రోడ్లు, మైదానాలు ఉన్నాయి. ఏడాది పొడవునా నిండుగా కనబడే నీరు సాబర్మతిది కాదు, నర్మద ప్రధాన కాలువ నుంచి వదిలినది. దిగువన 1976లో కట్టిన వాస్నా బ్యారేజీ గేట్లు దాన్ని ఆపి ఉంచుతాయి. ఒక విధంగా చెప్పాలంటే మీరు చూసేది నది ఆకారంలో ఉన్న పొడవాటి చెరువు. తప్పు పట్టడానికి చెప్పడం లేదు. సాయంత్రం గాలి మాత్రం నిజమైనదే.

ఈ తీరాన్ని పగటిపూట చూడకండి. ఈ సలహా నేను అనుభవించి ఇస్తున్నాను. మొదటిసారి ఏప్రిల్ నెలాఖరులో, భోజనమయ్యాక, మా పెద్దమ్మను వెంటబెట్టుకుని గాంధీ వంతెన దగ్గర దిగువ నడక దారిలోకి దిగాను. నీటి పక్కనే సాగే ఆ దారికి ఒకవైపు కాంక్రీటు గోడ, మరొకవైపు కళ్లు జిగేలుమనే నీళ్లు. ఎల్లిస్ వంతెన చేరేదాకా మాకు నిలబడేంత నీడ దొరకలేదు, పైకి వెళ్లే మెట్లు దగ్గర్లో ఉండవు. పెద్దమ్మ ఆ తరువాత రెండు రోజులు గది దాటలేదు. నాతో మాట్లాడనూ లేదు. డిసెంబరులో ఎండ అంత ఉండదు కానీ, ఆ దారి సొగసు ఉదయం ఏడుకు ముందూ సాయంత్రం ఐదు తరువాతానే. రెండు అంతస్తులుగా ఉండే ఆ తీరంలో మీ శ్రీమతి గారికి బెంచీలు, చెట్లు ఉన్న పై దారి నయం.

మొదటి సాయంత్రం అక్కడే కాసేపు కూర్చుని వెళ్లి పడుకోండి. మర్నాడు ఉదయం నగరపాలక సంస్థ 1997 నుంచి నడుపుతున్న వారసత్వ నడకకు వెళ్లండి. కాలుపూర్‌లోని 1822 నాటి స్వామినారాయణ మందిరం దగ్గర ఎనిమిదికి కాస్త ముందు మొదలై, వాడల గుండా తిరుగుతూ రెండున్నర గంటలకు జామా మసీదు దగ్గర ముగుస్తుంది. ముందుగా పేరు నమోదు చేసుకోవాలి. దూరం రెండు కిలోమీటర్లకు మించదు, నిలిచి నిలిచి సాగుతుంది కాబట్టి మోకాళ్లకు పెద్ద శ్రమ కాదు. 1411లో అహ్మద్ షా స్థాపించిన ఈ నగరాన్ని 2017లో యునెస్కో ప్రపంచ వారసత్వ నగరంగా గుర్తించింది. దేశంలో ఆ గుర్తింపు పొందిన మొదటి నగరం ఇదే. వాడ కూడలిలో స్తంభం మీద చెక్కతో చేసిన పక్షుల గూడును చబూతరో అంటారు. పొద్దున్నే గింజలు వేసే ముసలివారు మీకు కనబడతారు. ఇళ్ల నడిముంగిట నేల కింద వాననీటి తొట్లు ఉండేవి. నది ఏడాదంతా పారని ఊరు నీళ్లను ఎలా దాచుకుందో ఆ తొట్ల దగ్గర వివరంగా అడిగి తెలుసుకోండి.

మధ్యాహ్నం గదిలో విశ్రాంతి తీసుకుని, నాలుగింటికి సీదీ సయ్యద్ మసీదుకు వెళ్లండి. 1573 నాటిది. పడమటి గోడలోని అర్ధచంద్రాకారపు రాతి కిటికీలో ఒక తాటిచెట్టునూ, దాన్ని అల్లుకుంటూ లెక్కలేని కొమ్మలు వేసిన మరో చెట్టునూ చెక్కారు. బయట నుంచి చూస్తే అది నల్లటి అల్లిక. లోపలికి వెళ్లి సాయంత్రపు వెలుగుకు ఎదురుగా నిలబడితే రాయి కనబడదు, కొమ్మల మధ్య ఆకాశమే కనబడుతుంది. అక్కడి ఐఐఎం చిహ్నానికి స్ఫూర్తి ఈ కిటికీయే.

రాత్రి తొమ్మిది దాటాక మాణెక్ చౌక్. పగలు నగల దుకాణాలుండే ఆ కూడలి, వాటి తలుపులు పడగానే తిండి బళ్ల సంతగా మారుతుంది. రద్దీ, పొగ, వెన్న వాసన. నాకు ఆ ఊరి పప్పులోని బెల్లం తీపి రెండో రోజుకే మొహం మొత్తింది. మీరు ఒక చిన్న సీసాలో గోంగూర పచ్చడి తీసుకెళ్లడం మంచిది. అయితే డిసెంబరులో దొరికే ఊంధియూను మాత్రం తప్పక తినండి. కంద, పెండలం, చిక్కుడు, చిన్న వంకాయలు, మెంతికూర ఉండలు కలిపి మగ్గించిన కూర. అది కారం కోరదు.

మూడో రోజు ఉదయం ఆటోలో సాబర్మతి ఆశ్రమానికి వెళ్లండి. 1917లో గాంధీజీ ఎంచుకున్న ఆ చోటుకు ఒకవైపు జైలు, మరొకవైపు శ్మశానం. సత్యాగ్రహి ఎటైనా వెళ్లవలసినవాడే కనుక అది తగిన చోటని ఆయన అనేవారు. 1930 మార్చి 12న అక్కడి నుంచి 78 మందితో ఆయన దండికి నడిచారు. ఆ వరుసలో మన ఎర్నేని సుబ్రహ్మణ్యం గారు ఉన్నారు. గాంధీజీ ఉన్న హృదయకుంజ్ వసారాలో కూర్చుంటే నది ఎదురుగానే ఉంటుంది. 1963లో వాస్తుశిల్పి చార్లెస్ కోరియా కట్టిన సంగ్రహాలయంలో ఎక్కడా ఆడంబరం లేదు, పెంకుటి కప్పు, ఇటుక స్తంభాలు, మధ్యలో నీటి తొట్టి మాత్రమే. చుట్టుపక్కల విస్తరణ పనులు సాగుతున్నందున ఏ భాగం తెరిచి ఉందో ముందు రోజు కనుక్కోండి. తిరిగి వచ్చేటప్పుడు ఓల్డ్ హైకోర్ట్ స్టేషన్‌లో మెట్రో ఎక్కి కాలుపూర్ వైపు ఒకటి రెండు స్టేషన్లు ప్రయాణించండి. రైలు నదిని దాటి, శాహ్‌పూర్ దగ్గర పాతనగరం కిందకు దిగిపోతుంది. రెండు ఒడ్లనూ ఒక్క చూపులో చూడటానికి అంతకంటే చవకైన మార్గం లేదు.

ఆ సాయంత్రం 2022లో తెరిచిన అటల్ పాదచారుల వంతెన ఎక్కండి. గాలిపటాన్ని తలపించే రంగుల కప్పు, అక్కడక్కడా గాజు నేల. ఫోటోల రద్దీ ఎక్కువ. దానికి కాస్త ఎగువన ఉన్న 1892 నాటి ఎల్లిస్ ఇనుప వంతెన వైపు తిరిగి చూడటానికే నేనైతే టికెట్ కొంటాను. వెళ్లిపోయే రోజు ఉదయం సమయముంటే 18 కిలోమీటర్ల దూరంలోని అడాలజ్ దిగుడుబావిని చూడండి. 1499 నాటి ఆ బావి అయిదు అంతస్తుల లోతు. మెట్లు విశాలంగా ఉంటాయి కాబట్టి మీ శ్రీమతి గారు మొదటి రెండు అంతస్తులైనా దిగవచ్చు.

ప్రశ్న: మేం జనవరిలో పిల్లలతో వెళ్తున్నాం. సంక్రాంతి నాడు అక్కడ గాలిపటాలు చూడవచ్చంటున్నారు. నదీతీరంలో చూస్తే బాగుంటుందా, ఊళ్లోనా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: అమ్మా, జనవరి 14న ఉత్తరాయణ్, 15న వాసీ ఉత్తరాయణ్. అంతర్జాతీయ గాలిపటాల ఉత్సవం నదీతీరంలో ఆ ముందటి రోజుల్లో జరుగుతుంది. రకరకాల ఆకారాలు పిల్లలకు నచ్చుతాయి. కానీ అసలు పండుగ పాతనగరపు మిద్దెల మీదే. తెల్లవారుజాము నుంచి చీకటి పడేదాకా ఊరంతా మిద్దెల మీదే ఉంటుంది, ఒకరి దారం తెగితే వాడంతా "కాప్యో ఛే" (కోసేశాం) అని అరుస్తుంది. కొన్ని వాడల్లో మిద్దెలను ఆ రెండు రోజులకు అద్దెకిస్తారు. పిట్టగోడ ఎత్తుగా ఉన్నదే తీసుకోండి. ఆ రోజుల్లో పిల్లలను ద్విచక్ర వాహనం ముందు కూర్చోబెట్టవద్దు. గాజుపొడి పట్టించిన మాంజా దారం మెడకు తగిలితే ప్రాణాపాయం. నైలాన్ మాంజా నిషేధమైనా ఏటా ఎక్కడో అక్కడ కనబడుతూనే ఉంటుంది. గదులు నెలల ముందే నిండిపోతాయి.

ప్రశ్న: మాది హైదరాబాద్‌లో మూసీ ఒడ్డున ఉన్న ఒక బస్తీ. మూసీని కూడా సాబర్మతిలా చేస్తామంటున్నారు. పని మీద అహ్మదాబాద్ వెళ్తున్నాను, ఒక ఆదివారం ఖాళీ దొరుకుతుంది. అక్కడ ఉండినవారు ఏమయ్యారో చూడటానికి వీలుంటుందా?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: తమ్ముడూ, చూడటానికి వచ్చినవారికి ఆదివారమే సరైన రోజు. తీర నిర్మాణం కోసం పదివేలకు పైగా కుటుంబాలను ఒడ్డు నుంచి తరలించారు. వ్యవహారం గుజరాత్ హైకోర్టుకు చేరాకే చాలామందికి ఇళ్లు దక్కాయి. వట్వా, ఓఢవ్ వంటి శివార్లలో నాలుగంతస్తుల భవనాల్లో ఇచ్చిన ఆ ఇళ్లు, వారు కూలికి వెళ్లే చోటికి చాలా దూరం. అక్కడికి చూడటానికని వెళ్లడం నాకు సబబుగా తోచదు, ఎవరి గడపనూ మనం ప్రదర్శనశాలగా చేయకూడదు. కానీ ఒడ్డునే మిగిలినదొకటి ఉంది. అదే గుజరీ బజార్, ఆదివారం నాటి సంత. పాత మంచాలు, చిలుము పట్టిన తాళాలు, పుస్తకాలు, మేకలు, కోళ్లు అమ్మే ఆ సంతను ఎల్లిస్ వంతెన దగ్గరి ఇసుక నుంచి తీసి, తూర్పు ఒడ్డున అరుగులు కట్టి చోటు చూపించారు. అమ్మేవారు సంఘంగా ఏర్పడి కోర్టులో పోరాడితేనే ఆ చోటు దక్కింది. ఉదయం తొమ్మిదిలోగా వెళ్లి, పాత సంతకూ కొత్త సంతకూ తేడా ఏమిటో అమ్మేవారినే అడగండి. హిందీ చాలు. చాకలివారి కోసం కూడా తీరంలోనే కొత్త చాకిరేవు కట్టారు. నీటి అసలు పరిస్థితి చూడాలంటే వాస్నా బ్యారేజీ దిగువకు వెళ్లండి. అక్కడి కాలుష్యంపై 2021లో హైకోర్టు తనంత తానుగా విచారణ చేపట్టింది.

సమయం మిగిలితే వాస్నాలో మాతా నీ పఛేడీ చిత్రించే కుటుంబాలను కలవండి. గుడిలోకి రానివ్వని కాలంలో దేవీపూజక్ కులస్థులు గుడ్డ మీదే అమ్మవారినీ గుడినీ గీసుకుని పూజించుకున్నారు. ఆ చిత్రాలే ఇవి. పని చూస్తే మన శ్రీకాళహస్తి గుర్తుకొస్తుంది. వెదురు పుల్ల కలం, ఇనుప తుక్కునూ బెల్లాన్నీ కలిపి పులియబెట్టిన నలుపు, చింతగింజల పిండి. కలంకారీకి మాదిరిగానే రంగు నిలవడానికి పారే నీళ్లలో గుడ్డను జాడించాలి. నిలవ నీటిలో వేస్తే వదిలిన రంగు తిరిగి తెల్లని చోట్ల అంటుకుంటుంది. స్వర్ణముఖి ఒడ్డున మనవారు చేసే పనినే సాబర్మతి ఒడ్డున వారు తరతరాలుగా చేసేవారు. ఇప్పుడు ఒడ్డున ఉన్నది గోడ, కింద ఉన్నది ఆపి ఉంచిన నీరు. ఎర్రటి గుడ్డ ఒకటి కొనుక్కుని, దాన్ని ఎక్కడ జాడించారో అడగండి. మూసీ గురించి మీ బస్తీ సభలో ఏం అడగాలో ఆ జవాబులో దొరకవచ్చు.